జీవో బతికే ఉంది

డబ్బు లేక ఏ పిల్లల చదువూ ఆగకూడదు. 2008 ప్రాంతంలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పేదింటికి ఇచ్చిన మాట అది. జనం నోట దాని పేరు ఫీజు రీయింబర్స్‌మెంట్. కూలికెళ్లే ఇంటి పిల్ల ధైర్యంగా ఎంసెట్ కౌన్సెలింగ్‌కు వెళ్లింది. కన్వీనర్ కోటాలో సీటొస్తే ఫీజు సర్కారుదే. మా వంశంలో మొదటి ఇంజనీరు అని ఊరూరా తాతలు చెప్పుకున్నారు. ఆ సొమ్మును నమ్ముకుని కాలేజీలూ లేచాయి. ఇంజనీరింగ్‌వే 700 దాటాయి.

2009 సెప్టెంబరు 2న మాట ఇచ్చినవాడు నల్లమలలో కూలిపోయాడు. మాట వారసుల చేతికొచ్చింది, బకాయిలతో సహా. 2012లో దానికి కొలత పడింది. ఎస్సీ, ఎస్టీలకు మినహాయింపు మిగిలింది. బీసీ ఇంట మాత్రం ర్యాంకు 10 వేలు దాటితే 35 వేలే ఇస్తామన్నారు. మిగతాది తండ్రి చూసుకోవాలి.

2014లో రాష్ట్రం రెండైంది, మాటా రెండైంది. మీవాళ్లు 1956కు ముందు నుంచి ఇక్కడివాళ్లేనా అని తెలంగాణ అడిగింది. ఆ షరతు తరవాత వెనక్కి పోయినా, ఆపైన టోకెన్ల కాలం వచ్చింది: ట్రెజరీలో టోకెన్ పుడుతుంది, డబ్బు పుట్టదు. ఆంధ్రలో 2019 తరవాత అదే మాట విద్యాదీవెన అయింది. 2021 నుంచి సొమ్ము తల్లి ఖాతాలో వేశారు. వాయిదా ఆలస్యమైతే కాలేజీ నిలదీసిందీ తల్లినే. 2020 చివర్లో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కాలేజీల పీజీ పిల్లలు జాబితాలోనే లేకుండా పోయారు.

కాలేజీల గోడూ అబద్ధం కాదు. సర్కారు సొమ్ము రాకపోతే లెక్చరర్ల జీతాలు ఆగుతాయి. కానీ ఆ బాకీ చివరికి దిగేది విద్యార్థి నెత్తిమీదే. కోర్సు అయిపోయింది, ఆఫర్ లెటర్ వచ్చింది, చేరడానికి ఒరిజినల్స్ కావాలి. ఆఫీసు కిటికీ దగ్గర ఒకటే జవాబు: "రీయింబర్స్‌మెంట్ పడలేదమ్మా. ముందు మీరు కట్టేయండి, పడ్డాక తిరిగిస్తాం." అమ్మ మెడలోది తాకట్టుకు పోతుంది. నాన్న మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు. ఆ రెండూ కుదరని ఇంట టీసీ బీరువాలోనే ఉంటుంది, చేరాల్సిన తేదీ దాటిపోతుంది.

ఒకప్పుడు పేదరికం పిల్లల్ని గేటు బయటే ఆపేది. ఇప్పుడు లోపలికి రానిచ్చి, నాలుగేళ్లు చదవనిచ్చి, వెళ్లేటప్పుడు ఆపుతోంది. పథకం రద్దయిందని ఏ ప్రభుత్వమూ అనలేదు. దరఖాస్తులు తీసుకుంటూనే ఉన్నారు, వేలిముద్రలు వేయించుకుంటూనే ఉన్నారు. అక్క సర్టిఫికెట్లకు అప్పు చేసిన ఇల్లు మాత్రం చెల్లెల్ని చేర్చేముందు జీవో చదవడం మానేసింది. ఈసారి అప్పెవరిస్తారో ముందే అడిగి పెట్టుకుంటోంది.