గోదావరి ఎగువన ఒక జిల్లా ఉండేది

సిరోంచ ఇవాళ మహారాష్ట్రలో ఉంది, వెంకటాపురం తెలంగాణలో, కూనవరం ఆంధ్రప్రదేశ్‌లో. నూటయాభై ఏళ్లకు పూర్వం ఈ మూడూ ఒకే జిల్లా. పేరు అప్పర్ గోదావరి, ముఖ్యపట్టణం సిరోంచ.

గోదావరికి ఎడమగట్టునే సాగిన సన్నని జిల్లా అది. కాళేశ్వరానికి ఎదుట ప్రాణహిత, ఇంకొంత దిగువన ఇంద్రావతి, చివరికి కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తాయి. వెనక బస్తరు అడవి, దిగువన పాపికొండల ఇరుకు. కోయలు, కొండరెడ్లు పోడు కొట్టుకుని బతికిన సీమ. వానాకాలంలో ఏరులు దారులు మూసేసేవి, మన్యపు జ్వరానికి జడిసి మైదానం ఉద్యోగులు అక్కడ నిలిచేవారు కాదు.

ఇంతటి మారుమూలను ఇంగ్లీషువాళ్లు కోరి తీసుకున్నారు. 1860 ఒప్పందంలో రాయచూరు అంతర్వేది వంటి ప్రాంతాలను నిజాముకు తిరిగిచ్చి, ఈ ఎడమగట్టును పుచ్చుకున్నారు. గోదావరి మీద సరుకు రవాణాకు సుంకం ఉండకూడదన్న షరతూ పెట్టారు. అసలు కారణం పత్తి. బీరారు పత్తిని పడవల మీద కాకినాడ రేవుకు దించవచ్చని ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ గట్టిగా నమ్మాడు. అమెరికా అంతర్యుద్ధంతో మాంచెస్టరు మిల్లులకు పత్తి కరువై, ఆ వాదనకు బలం వచ్చింది.

దారిలో మూడుచోట్ల రాతిమెట్టలు అడ్డం. మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇచ్చంపల్లి, మూడోది దేవలమర్రి. దుమ్ముగూడెంలో ఆనకట్ట, పక్కనే కాలువ, పడవలను ఎక్కించి దించే లాకులు కట్టారు. ఈలోగా 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది, పత్తి పడమటి దారి పట్టింది. 1871లో పనులు ఆపేశారు. మరి మూడేళ్లకు జిల్లానే రద్దు చేశారు. సిరోంచ చాందా జిల్లాలో కలిసింది. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు వెళ్లాయి.

కాగితం మీది ఈ మార్పు అడవిలో ఎంత బరువుగా పడిందో రేకపల్లి చెబుతుంది. అప్పర్ గోదావరి జిల్లాలో భాగంగా సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉన్నప్పుడు అక్కడ పోడుకు దాదాపు అడ్డే లేదు, గొడ్డలికి నాలుగణాల పన్ను కడితే చాలు. మద్రాసు సర్కారు ఆ పన్నును ఇంచుమించు మూడింతలు చేసింది, కొన్ని అడవుల్లో పోడునే మాన్పించింది. 1879లో రంప కొండల్లో పితూరీ లేచినప్పుడు అది రేకపల్లికి పాకిందంటే ఆశ్చర్యం లేదు. ఆ జనాన్ని తిరుగుబాటుకు నెట్టింది ఏ ముఠాదారు (కొండ గ్రామాల పెత్తందారు) మాటో కాదు, ఈ కొత్త పన్నే అనిపిస్తుంది.

తర్వాత కూడా సరిహద్దులు కుదురుగా నిలవలేదు. 1959లో భద్రాచలం డివిజను తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మారింది. 2014లో పోలవరం ముంపు కారణంగా కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. భద్రాచలం మండలమూ వచ్చింది, ఒక్క పట్టణం తప్ప. దాంతో రాముడి గుడి తెలంగాణలో ఉండిపోయింది, పక్కనే పురుషోత్తపట్నంలోని గుడి మాన్యాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి.