అమెరికా కళాశాలలలో ఆటగురువులకు హద్దులు



గురువు శిష్యునకు విద్య చెప్పుటకు కాలనియమము గలదని మీరెఱుగుదురు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్య అనధ్యయన దినములు. ఆ దినములందు గురువునకెంత యుత్సాహమున్నను పాఠము చెప్పరాదు. శిష్యుడు కోరినను వినరాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కళాశాలలందు ఆటలు నేర్పు గురువులకును ఇట్టి విరామ నియమములు గలవు. అవి శాస్త్రము నుండి పుట్టినవి కావు. కలహముల నుండియు, కొన్ని మరణముల నుండియు పుట్టినవి. వాని చరిత్రమును నేడు మనవి చేసెదను.

ఆ దేశమున కళాశాలల నడుమ జరిగిన మొదటి పోటీ 1852లో విన్నిపెసాకీ సరస్సుపై హార్వర్డు, యేలు విద్యార్థులు నడపిన పడవపందెము. దాని వ్యయమును భరించినది ఒక రైలు కంపెనీ. ప్రయాణికులను రాబట్టుకొనుట దాని యుద్దేశము. 1869లో రట్గర్సు, ప్రిన్స్‌టన్ కళాశాలలు ఫుట్‌బాల్ ఆడినవి. ఆ యాట క్రమముగా మాఱి, మనమెఱిగిన కాలిబంతి వలె గాక, కోలబంతిని చేత బట్టుకొని ఎదుటివారిని త్రోసికొనుచు ముందునకు పోవు మోటుయాట యయ్యెను. తొలుత విద్యార్థులే తమ జట్టును నడపుకొనెడివారు. రానురాను జీతమునకు శిక్షకులు వచ్చిరి. వారిని అచ్చట కోచ్‌లందురు. వేలకొలది జనులు రుసుమిచ్చి చూడవచ్చుటచే కళాశాలలకు ధనమును కీర్తియు చేకూరెను. గెలిచిన కోచ్‌కు సన్మానము, ఓడిన కోచ్‌కు ఉద్వాసన. ఇక నతడు శిష్యుని కాలమంతయు తన చేతిలో నుండవలెనని కోరుటలో వింతయేమి?

1905లో ఈ యాటలో పలువురు యువకులు మరణింపగా, అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్టు హార్వర్డు, యేలు, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను శ్వేతభవనమునకు పిలిపించి ఆటను చక్కదిద్దుడని చెప్పెను. 1906లో కళాశాలల సంఘమొకటి యేర్పడెను. 1910 నుండి దానికి నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్ అని పేరు. ఆటలో దెబ్బలు తగ్గించుట మొదటి పని. ఆటకు బయటి కాలమును కాపాడుట తరువాతి పని. 1952లో హార్వర్డు, యేలు మొదలగు ఎనిమిది విద్యాలయముల యధ్యక్షులు తమ జట్లకు వసంతకాలపు ఫుట్‌బాల్ సాధనను నిషేధించిరి. ఆ యాట శరత్కాలమున ఆడబడునది. వసంతము చదువునకు విడువబడవలెనని వారి భావము.

దేశమంతటికి వర్తించు గంటల నియమము 1991లో వచ్చినది. పోటీల కాలమున శిష్యుని చేత దినమునకు 4 గంటలు, వారమునకు 20 గంటలు మించి సాధన చేయింపరాదు. వారమునకొక దినము పూర్ణవిశ్రాంతి. పోటీలు లేని కాలమున, కళాశాల సాగుచుండగా, వారమునకు 8 గంటలే. అందును ఫుట్‌బాల్ గాక తక్కిన యాటలలో కోచ్ స్వయముగా మెలకువలు నేర్పుట చాలకాలము 2 గంటలకు మించరాదు. తరువాత దానిని 4 గంటలకు పెంచిరి.

నియమము చక్కనిదే. కాని గంటలు లెక్కించు తీరు చూడుడు. పోటీ జరిగిన దినము ఎంతసేపైనను 3 గంటలుగానే లెక్క. ప్రయాణము లెక్కలోనికి రాదు. ఆ సంఘమే విచారింపగా, పెద్ద విద్యాలయముల ఫుట్‌బాల్ ఆటగాండ్రు తాము వారమునకు 40 గంటలకు పైగా ఆటకే వెచ్చించుచున్నామని చెప్పిరి.

ఇంతకన్న పెద్ద చిక్కు స్వచ్ఛంద సాధన యనునది. శిష్యుడు తనంత తాను చేయు సాధనకు గంటల హద్దు లేదు. అది నిజముగా స్వచ్ఛందమగుటకు నిబంధనలలో నాలుగు గుర్తులు చెప్పబడినవి. శిష్యుడే దానిని కోరవలెను. జరిగినది కోచ్‌కు నివేదింపరాదు. వచ్చినవారి హాజరు వ్రాసి కోచ్‌కు అందింపరాదు. రానివానికి దండన గాని వచ్చినవానికి బహుమానము గాని యుండరాదు. కాని జట్టులో చోటిచ్చువాడు కోచ్. విద్యార్థివేతనము నిలుచుట కూడ పెక్కుచోట్ల అతని మాటపై నాధారపడి యుండెను. అట్టివాడు రమ్మనకపోయినను, రాకుండుటకు ఏ శిష్యునకు ధైర్యము చాలును?

2001 ఆగస్టులో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున స్వచ్ఛందమనబడిన వేసవి పరుగులలో ఉబ్బసముగల యొక ఆటగాడు కూలి మరణించెను. ఆ సాధన నిజముగా స్వచ్ఛందమా యని దేశమంతట ప్రశ్న లేచెను. 2009లో మిషిగన్ విశ్వవిద్యాలయపు ఆటగాండ్రు తమచేత హద్దు మీఱి సాధన చేయించుచున్నారని ఒక వార్తాపత్రికకు తెలిపిరి. విచారణ జరిగి, 2010లో ఆ విద్యాలయమునకు 3 సంవత్సరముల పర్యవేక్షణ విధింపబడెను. మించిన గంటలకు రెట్టింపుగా 130 గంటల సాధనను అది తానే తగ్గించుకొనెను.

కోచ్‌ను దూరముగా నుంచుటయే మందా? అదియు గాదు. వేసవిలో కోచ్ రాకూడదన్న నియమము వలన శిష్యులు చూచువారు లేక యుందురని కొందఱు వాదించిరి. అందుచే వేసవి చదువులో చేరినవారికి 8 వారముల పాటు, వారమునకు 8 గంటల వఱకు శిక్షణ నీయవచ్చునని 2012లో పురుషుల బాస్కెట్‌బాల్‌కును, 2014లో ఫుట్‌బాల్‌కును అనుమతి లభించెను. అయినను 2018 మే నెలలో మేరీలాండు విశ్వవిద్యాలయమున సిబ్బంది యెదుటనే విరామకాలపు పరుగులు తీయుచు 19 ఏండ్ల యువకుడు వడదెబ్బ తినెను. అతనిని చల్లని నీట ముంచి కాపాడు ప్రయత్నము జరుగలేదు. కొన్ని దినములకు మరణించెను. విద్యాలయాధ్యక్షుడు బాధ్యత తమదేనని బహిరంగముగా నంగీకరించెను. గురువు దగ్గఱ నుండుట వేఱు, శిష్యుని కనిపెట్టి యుండుట వేఱు.

2002లో ముందు చెప్పిన ఎనిమిది విద్యాలయముల యధ్యక్షులు సంవత్సరమునకు 49 దినములు పర్యవేక్షణతో గూడిన సాధన యుండరాదని శాసించిరి. అప్పుడు మొఱపెట్టినవారు విద్యార్థులే. మాకు లేని యలసటను మాపై మోపుచున్నారని వారి వాదము. ఇది త్రోసివేయదగినది కాదు. ప్రీతితో ఆడువానికి విరామము శిక్షగానే తోచును. 2017లో పెద్ద విద్యాలయములు మఱికొన్ని హద్దులు చేర్చుకొన్నవి: రాత్రి 9 గంటలకును ఉదయము 6 గంటలకును నడుమ ఎడతెగక 8 గంటల విశ్రాంతి, ప్రయాణదినమును విశ్రాంతిదినముగా లెక్కింపకుండుట, పోటీల కాలము ముగిసిన పిమ్మట 7 దినముల సెలవు.

2025లో న్యాయస్థానము ఆమోదించిన యొక పరిష్కారముతో విద్యాలయములు ఆటగాండ్రకు నేరుగా ధనమిచ్చుటకు వీలు కలిగెను. ఇక కొనవారి సందేహమిది: ధనము పుచ్చుకొనువానికి విరామమెందుకు? కాని జీతగానికి సైతము సెలవు గలదు. చదువుకొను బాలునకు లేకుండుట న్యాయమగునా?

పలు సంవత్సరములు బడి నడపినవాడనుగా నా యభిప్రాయము చెప్పెదను. శిష్యుడు గురువునకు లేదని చెప్పలేడు. అది భక్తి కావచ్చును, భయము కావచ్చును. పైకి రెండు నొక్కటిగనే కనబడును. కావున అతని బదులు లేదని చెప్పుట నియమము చేయవలసిన పని. ఆ గంటలను లెక్కించువాడు గెలుపోటములతో సంబంధము లేనివాడై యుండవలెను; లేనిచో లెక్క కాగితము మీదనే నిలుచును. మన మనుమలను ఆటకు గాని చదువునకు గాని ఒకరి చేతిలో పెట్టునప్పుడు, ఎంతసేపు నేర్పుదురని యడుగుటతో బాటు, ఎప్పుడు విడుతురని కూడ పెద్దలు అడుగుట మంచిది.