ప్రత్యేక విద్య టీచర్ కావాలంటే: బారావీ తర్వాత రెండేళ్ల డిప్లొమా

సోలాపూర్ పూర్వ భాగంలోని మన ఇళ్లలో తెలుగు, వీధిలో మరాఠీ, హిందీ నడుస్తాయి. మామూలు పిల్లలు మూడింటినీ ఇట్టే అందుకుంటారు. మాట ఆలస్యమైన పిల్లల సంగతి వేరు. బొమ్మల పుస్తకంలో "పిల్లి ఏదిరా?" అంటే వేలు పెట్టి చూపించేవాడు, "మాంజర్ కుఠే ఆహే?" అంటే దిక్కులు చూస్తాడు. అది తెలివి లోపమా, మరాఠీ రాకపోవడమా? రెండు భాషల్లోనూ అడిగి చూసే టీచర్ ఉంటేనే తేలుతుంది. మన అమ్మాయిలు, అబ్బాయిలు ఈ చదువు వైపు చూడాలనడానికి ఇదే అసలు కారణం.

దీనికి కనీస అర్హత ప్రత్యేక విద్యలో డి.ఎడ్. డిప్లొమా. వ్యవధి రెండేళ్లు. బారావీలో 50 శాతం మార్కులు ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. ఏ గ్రూపు వారైనా చేరవచ్చు. మేధో వైకల్యం, వినికిడి లోపం, దృష్టి లోపం, ఆటిజం వంటి విభాగాల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ (ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ) మేధో వైకల్యానికి పేరున్నది. వినికిడి లోపానికి ముంబైలో అలీ యావర్ జంగ్ సంస్థ ఉంది.

చదువులో సగం బలం ప్రాక్టికల్‌దే. ఒక్కో పిల్లవాడికి విడిగా ప్రణాళిక రాయడం, ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టడం నేర్పుతారు. చద్దర్ మడత పెట్టడమే తీసుకోండి. అంచు పట్టుకోవడం ఒక మెట్టు, రెండో అంచుతో కలపడం ఇంకో మెట్టు. మొదటిది వచ్చాకే రెండోది. మగ్గం ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ ఓపిక కొత్తేమీ కాదు!

కోర్సు ముగిశాక భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్టర్‌లో పేరు ఎక్కాలి. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందుకే "మూడు నెలల్లో స్పెషల్ టీచర్" అనే ప్రకటనలకు డబ్బు కట్టకండి. ఏ కేంద్రంలో చేరినా, ఆ కోర్సుకు ఆ ఏడాది ఆర్‌సీఐ ఆమోదం ఉందో లేదో మండలి వెబ్‌సైట్‌లో ముందు చూసుకోండి. ప్రవేశ పద్ధతి కూడా ఏటి నోటిఫికేషన్‌లోనే ఉంటుంది.

ఇక ఉద్యోగాలు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, నిర్ణీత స్థాయి వైకల్యమున్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు ఇచ్చింది. ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు 10 మందికి ఒకరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ప్రత్యేక టీచర్ ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. పోస్టులు మంజూరు చేసి భర్తీ చేయాలని 2025లో రాష్ట్రాలను ఆదేశించింది. మహారాష్ట్రలో ప్రత్యేక పాఠశాలలు ఎక్కువగా స్వచ్ఛంద సంస్థలవి, అక్కడ మరాఠీ బాగా రావాలి. తెలుగు అదనపు బలం.

భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. మన విద్యాసంస్థల పెద్దలు ఏటా ఒకరిద్దరు విద్యార్థులకు ఫీజు, హాస్టల్ ఖర్చు భరించి ఈ డిప్లొమాకు పంపితే, రెండేళ్లలో పూర్వ భాగం బడులకు తెలుగు, మరాఠీ రెండూ తెలిసిన టీచర్లు వస్తారు.