గురుకులాల్లో పిల్లల తిండికి రోజుకు సర్కార్ ఇచ్చేది ఎంత? సీటు ఎవరికి? పూర్తి వివరాలివే..

ఫీజు లేదు.. హాస్టల్ ఖర్చు లేదు.. పుస్తకాలు, యూనిఫాం, మూడు పూటలా తిండి అన్నీ సర్కారే చూసుకుంటుంది. కూలి పనులకు వెళ్లేవాళ్లు, చిన్న రైతులు గురుకులం సీటు కోసం అంతగా ఎదురుచూసేది ఇందుకే. అయితే పిల్లలు గేటు దాటి లోపలికి వెళ్లాక వాళ్ల ప్లేట్‌లో ఏం పడుతుందనేది ఒక్క అంకె మీద ఆధారపడి ఉంటుంది. అదే డైట్ ఛార్జీ. తెలంగాణలో ఇది 2017 తర్వాత ఏడేళ్ల పాటు ఒక్క రూపాయి కూడా పెరగలేదు. 2024లో ఒకేసారి 40 శాతం పెరిగింది. ఇంతకీ ఈ లెక్క ఏంటి? గురుకులాలు ఎలా నడుస్తాయి? ఆ వివరాలు ఇవీ..

గురుకులం వేరు.. హాస్టల్ వేరు

చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. కానీ కాదు. సంక్షేమ హాస్టల్‌లో ఉండే పిల్లలు దగ్గర్లోని ప్రభుత్వ స్కూల్‌కు వెళ్లి చదువుకుంటారు. అక్కడ ఉండేది వసతి, భోజనం మాత్రమే. గురుకులంలో చదువు, వసతి రెండూ ఒకే క్యాంపస్‌లో ఉంటాయి. టీచర్లు కూడా గురుకుల సొసైటీ ఉద్యోగులే. పొద్దున పీటీ నుంచి రాత్రి స్టడీ అవర్స్ దాకా అంతా అక్కడే. తల్లిదండ్రులు పని కోసం వలస వెళ్లినా పిల్లల చదువు ఆగదు. గురుకులాల అసలు బలం ఇదే.

మొదలైంది సర్వేల్‌లో..

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి గురుకుల పాఠశాల 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైంది. ఆ ఊరు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. దీని వెనుక ఉన్నది పీవీ నరసింహారావు ఆలోచన. పల్లెటూరి పేద పిల్లలకు మంచి చదువు అందించడమే లక్ష్యం. తెలంగాణ మాజీ డీజీపీ మహేందర్ రెడ్డి చదువుకున్నది ఇక్కడే.

1980ల్లో ఎస్సీ పిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. ఆ తర్వాత ఎస్టీ, బీసీ, మైనార్టీలకు వేర్వేరు సొసైటీలు ఏర్పడ్డాయి. తెలంగాణ సాంఘిక సంక్షేమ సొసైటీ కింద రాష్ట్రం వచ్చిన కొత్తలో 134 విద్యాసంస్థలు ఉంటే, తర్వాత ఆ సంఖ్య 268కి చేరింది. మైనార్టీ గురుకులాలు 2016లో మొదలయ్యాయి. అన్ని సొసైటీలూ కలిపితే ఇప్పుడు తెలంగాణలో వెయ్యికి పైగా గురుకులాలు ఉన్నాయి. ఏపీలో సాంఘిక సంక్షేమ గురుకులాలు డాక్టర్ బీఆర్ అంబేద్కర్ పేరుతో నడుస్తున్నాయి.

2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ అప్పటికి తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థిని. 14 ఏళ్లు కూడా నిండలేదు. ఆమెతో పాటు శిఖరం చేరిన ఆనంద్ కుమార్ కూడా గురుకుల విద్యార్థే.

రోజుకు 32 రూపాయలతో మూడు పూటలు

డైట్ ఛార్జీ అంటే ఒక్కో విద్యార్థి భోజనానికి నెలకు సర్కార్ ఇచ్చే మొత్తం. కూరగాయలు, పప్పు, నూనె, పాలు, గుడ్లు, చికెన్ లాంటివన్నీ ఇందులోనే సర్దాలి. 2015 జనవరి 1 నుంచి తెలంగాణ హాస్టళ్లు, గురుకులాలకు పౌర సరఫరాల శాఖ సన్నబియ్యం ఇస్తోంది.

2024 నవంబర్‌లో ఛార్జీలు ఇలా మారాయి:

- 3 నుంచి 7వ తరగతి: నెలకు రూ.950 నుంచి రూ.1,330
- 8 నుంచి 10వ తరగతి: నెలకు రూ.1,100 నుంచి రూ.1,540
- ఇంటర్ నుంచి పీజీ వరకు: నెలకు రూ.1,500 నుంచి రూ.2,100

ఇది గురుకులాలకే కాదు, సంక్షేమ హాస్టళ్లకూ వర్తిస్తుంది. లబ్ధి పొందే విద్యార్థులు ఏడున్నర లక్షలకు పైనే. ఆ తర్వాత డిసెంబర్ 14న చిలుకూరు గురుకులంలో సీఎం రేవంత్ రెడ్డి కామన్ డైట్ మెనూను ప్రారంభించారు.

ఇప్పుడు నెల లెక్కను రోజు లెక్కగా చూస్తే అసలు విషయం అర్థమవుతుంది. పాత రేటు ప్రకారం ఐదో తరగతి పిల్లాడికి రోజుకు దాదాపు 32 రూపాయలు. అందులోనే టిఫిన్, మధ్యాహ్న భోజనం, సాయంత్రం స్నాక్స్, రాత్రి భోజనం. కొత్త రేటు ప్రకారం రోజుకు 44 రూపాయలు. పదో తరగతి విద్యార్థికి 37 నుంచి 51 రూపాయలకు పెరిగింది.

సబ్బు, నూనె, పేస్ట్ లాంటి వాటికి ఇచ్చే కాస్మెటిక్ ఛార్జీల పరిస్థితి ఇంకా దారుణం. వాటిని పెంచడానికి 16 ఏళ్లు పట్టింది. 8 నుంచి 10వ తరగతి అమ్మాయిలకు అప్పటిదాకా నెలకు రూ.75 మాత్రమే ఇచ్చేవారు. దాన్ని రూ.275 చేశారు.

పెంచకపోతే ఏం జరుగుతుంది?

మార్కెట్‌లో ధరలు ప్రతి ఏటా పెరుగుతాయి. డైట్ ఛార్జీ మాత్రం జీవో వస్తేనే పెరుగుతుంది. దానంతట అది పెరిగే ఏర్పాటు లేదు. నూనె, పప్పు రేట్లు పెరిగి ఛార్జీ అక్కడే ఉంటే మెనూ బోర్డు మారదు కానీ ప్లేట్‌లో పడేది మారుతుంది. పప్పు పలుచనవుతుంది. కూర తగ్గుతుంది. దీనికి తోడు బిల్లులు లేటైతే సరుకు ఇచ్చే కాంట్రాక్టర్ ముందుగా కోత పెట్టేది నాణ్యతలోనే.

భవనాల సమస్య కూడా ఇలాంటిదే. తక్కువ టైమ్‌లో వందల గురుకులాలు రావడంతో చాలావాటిని అద్దె భవనాల్లో పెట్టారు. 2024 అక్టోబర్‌లో దసరా సెలవులు ముగిసి పిల్లలు తిరిగి వచ్చేసరికి పలుచోట్ల గేట్లకు తాళాలు కనిపించాయి. అద్దె బకాయిలు చెల్లించలేదని ఓనర్లే తాళాలు వేశారు. అదే నెలలో యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ గురుకులాల సొంత భవనాలకు ప్రభుత్వం శంకుస్థాపనలు చేసింది.

కేంద్రం స్కూళ్లు కూడా ఉన్నాయి

కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు 2004లో మొదలయ్యాయి. ఇవి కేవలం అమ్మాయిలకే. 75 శాతం సీట్లు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనార్టీ బాలికలకు, మిగతా 25 శాతం దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాల అమ్మాయిలకు ఇస్తారు. గిరిజన పిల్లల కోసం 6 నుంచి 12వ తరగతి వరకు ఏకలవ్య మోడల్ స్కూళ్లు ఉన్నాయి. ఒక్కో స్కూల్‌లో 480 సీట్లు, అబ్బాయిలకు, అమ్మాయిలకు సగం సగం. నిర్వహణ కోసం కేంద్రం ఒక్కో విద్యార్థి లెక్కన ఏటా నిధులు ఇస్తుంది.

సీటు ఎలా వస్తుంది?

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, జనరల్ గురుకులాల ఐదో తరగతికి ఒకే ఎంట్రన్స్ ఉంటుంది. నాలుగో తరగతి చదువుతున్న పిల్లలు రాయొచ్చు. తల్లిదండ్రుల వార్షిక ఆదాయం పల్లెల్లో రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు దాటకూడదు. పేపర్ 100 మార్కులకు ఉంటుంది. తెలుగు 20, ఇంగ్లిష్ 25, లెక్కలు 25, పరిసరాల విజ్ఞానం 20, మెంటల్ ఎబిలిటీ 10. కుల, ఆదాయ సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకుంటే చివరి నిమిషంలో మీసేవ చుట్టూ తిరిగే పని ఉండదు. ఏపీ అంబేద్కర్ గురుకులాల్లోనూ ఐదో తరగతికి ఎంట్రన్స్ ద్వారానే అడ్మిషన్లు ఇస్తారు.

పేరెంట్స్ ఇవి గమనించాలి

- పిల్లల్ని చూడ్డానికి వెళ్లినప్పుడు మెనూ బోర్డులో ఉన్నది, ఆ రోజు వండినది ఒకటేనా అని చూడాలి.
- వండిన తర్వాత సిబ్బంది రుచి చూశాకే పిల్లలకు వడ్డించాలి. అది జరుగుతుందా అని పిల్లల్నే అడగాలి.
- తాగునీరు, బాత్‌రూమ్‌లు, జ్వరం వస్తే చూసే నర్సు గురించి ప్రిన్సిపల్‌ను అడగొచ్చు.
- పిల్లలకు ఇబ్బంది ఉంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు కాల్ చేయొచ్చు. ఇది ఫ్రీ నంబర్.

44 రూపాయలు ఈ రోజు సరిపోవచ్చు. నాలుగేళ్ల తర్వాత కూడా అదే రేటు ఉంటే మళ్లీ పలుచన పప్పే. అందుకే గురుకులాల విషయంలో ఎన్ని కొత్తవి తెరిచారన్నది ఎంత ముఖ్యమో, ఉన్నవాటిలో పిల్లల ఛార్జీలు చివరిసారి ఎప్పుడు పెంచారన్నదీ అంతే ముఖ్యం.