రేవు నుండి పనిచోటికి: నెల్లూరు తీరమున భారీ యంత్రముల రవాణా

ఓడరేవులో ఒక భారీ యంత్రము దిగినదనగానే దాని ప్రయాణము ముగిసినదని చాలమంది తలంతురు. సముద్రముమీద అది వేల కిలోమీటర్లు వచ్చినది. పనిచోటికి మిగిలినది ఇరువదియో ముప్పదియో కిలోమీటర్లు. కాని ఇంజనీర్లు అసలు ప్రయాణము అప్పుడే మొదలైనదని చెప్పుదురు. నీరు తనపై తేలు వస్తువును అడుగుభాగమంతటను ఆనుకొని మోయును. మూడువందల టన్నుల వస్తువు నెక్కించినను పెద్ద ఓడ నాలుగైదు అంగుళములకు మించి క్రుంగదు. నేల సంగతి వేరు. అక్కడ ఆ బరువంతయు చక్రములు తాకు కొలదిచోట్ల మాత్రమే నిలువవలెను. ఆ చోట్ల క్రింద ఇసుక ఉండవచ్చును, బురద ఉండవచ్చును, వెనుకటి తరమువారు ఎడ్లబండ్లకొరకు కట్టిన తూము ఉండవచ్చును.

నెల్లూరు తీరము ఈ మూడింటికిని పేరుపడినది. పెన్న, కండలేరు, స్వర్ణముఖి సముద్రమున కలియు ఈ పల్లపు నేలలో ఇసుకమేటలు, ఉప్పుకయ్యలు, ఆటుపోటులతో నిండి తరుగు కాలువపాయలు, దక్షిణమున పులికాటు సరస్సు కలవు. ఏ కాలమున ఎంత బరువును ఒడ్డునుండి లోపలికి మోయగలిగిరో, ఆ కాలమున అంతకు తగిన కట్టడములే ఇచ్చట లేచినవి.

1626లో ఆంగ్ల వర్తకులు దుగరాజపట్నమున స్థావర మేర్పరచుకొనిరి. వారి గ్రంథములలో దీనికి ఆర్మగాన్ అని పేరు. అచ్చట ఓడలు ఒడ్డుకు రాలేవు. దూరముగా లంగరు వేసి నిలువగా, సరకులను పడవలమీద కెరటముల నడుమ ఒడ్డుకు చేర్చుచుండిరి. కోరమండల తీరమున ఈ పనికి వాడిన మసూలా పడవలకు మేకులు లేవు. పలకలను కొబ్బరిపీచు త్రాళ్లతో కుట్టుదురు. కెరటము కొట్టినప్పుడు అది విరుగక వంగును. ఎంత తెలివైన నిర్మాణము! కాని వంగు పడవ మోయగల బరువునకు హద్దు కలదు. గుడ్డలమూటలకు, మిరియాల బస్తాలకు అది చాలును. ఇనుప యంత్రమునకు చాలదు.

తరువాతి మార్గము కాలువ. 1806లో మద్రాసునుండి ఎన్నూరువరకు మొదట త్రవ్విన ఉప్పుకాలువ, క్రమముగా ఉత్తరమునకు సాగి నెల్లూరు తీరమును దాటి కృష్ణా డెల్టా కాలువలతో కలిసెను. 1877-78 నాటి కరవు పనులలో మద్రాసు నగరములోని భాగమును పూర్తిచేసిరి. అప్పటి గవర్నరు పేరిట అది బకింగ్‌హాం కాలువ అయ్యెను. శ్రీహరికోట సరుగుడు, కట్టెలు, ఉప్పు, వరిధాన్యము తెరచాపల పడవలమీద మద్రాసునకు పోవుచుండెను. గాలి లేనప్పుడు మనుష్యులు గట్టున నడచుచు త్రాటితో పడవను లాగెడివారు. రోడ్డుమీద జత ఎడ్లు లాగలేని బరువును నీటిమీద ఇద్దరు మనుష్యులు లాగగలరు. అయితే కాలువ లోతు కొలదిపాటిది, లాకుల వెడల్పు నిర్ణీతమైనది. లాకులో పట్టని పడవ ముందుకు పోలేదు. పడవలో పట్టని వస్తువు అసలు బయలుదేరలేదు. 1965, 1966 సంవత్సరముల తుపానులు కాలువను పాడుచేసిన తరువాత ఆ మార్గము క్రమముగా మూలబడెను.

1899 నాటికి గూడూరు, నెల్లూరుల మీదుగా మద్రాసు, బెజవాడలను కలుపు రైలుమార్గము ఏర్పడినది. రైలు బరువును చక్కగా మోయును. కాని దానికి వేరొక హద్దు కలదు. మన పెద్దలైనుమీద నడచు బండి వెడల్పు 3.25 మీటర్లు దాటరాదు. ఎదుటి లైనున వచ్చు బండి, ప్లాట్‌ఫారము అంచు, వంతెన స్తంభము అన్నియు ఆ కొలతను నమ్ముకొని కట్టినవే. యంత్రము అంతకన్న వెడల్పయినచో రైలు దానికి పనికిరాదు.

యంత్రము రానిచోట మనుష్యులే యంత్రములైరి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమును కాంక్రీటుతో గాక రాతితో కట్టుటకు గల కారణములలో విదేశీ మారకద్రవ్యపు కొరత ఒకటి. భారీ యంత్రములను కొని తెప్పించుటకన్న రాళ్లను మనుష్యులచే మోయించుట ఆనాటి దేశమునకు సాధ్యమైనది. 124 మీటర్ల ఎత్తు ఆనకట్టకు వాలుపలకలమీదుగా తలలపై, భుజములపై రాయి ఎక్కినది. దీనిని గొప్పగా చెప్పుకొనుట వాడుక. మోసినవారి మెడలను అడిగిన సమాధానము వేరుగా నుండెడిదేమో.

నెల్లూరు తీరమున ఈ చిక్కుకు అన్నిటికన్న విచిత్రమైన సమాధానము శ్రీహరికోటలో దొరకినది. 1969లో రాకెట్ల కేంద్రమునకు ఈ దీవిని ఎన్నుకొనిరి. అప్పటికి అది నెల్లూరు జిల్లాలోనిది. 2022లో జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాలో చేరినది. సూళ్లూరుపేటనుండి పులికాటు సరస్సు నడుమగా వేసిన రోడ్డు దీనికి ప్రధానమార్గము. పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మొదటిదశలో 139 టన్నుల ఘన ఇంధనముండును. దాని వ్యాసము 2.8 మీటర్లు. ఇంతటి మోటారును ఎక్కడనో నింపి రోడ్డుమీద తెచ్చుట ఎంత కష్టమో, ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. కనుక మోటారును ఐదు ఖండములుగా విభజించి, ఉక్కు గుల్లలను మాత్రము ఖాళీగా రోడ్డుమీద తెచ్చి, ఇంధనమును దీవిలోనే పోతపోయుదురు. ఎల్.వి.ఎం.-3 రాకెట్టు ప్రక్కల నుండు రెండు పెద్ద మోటారులకును ఇదే పద్ధతి. వానిలో ఒక్కొక్కదానియందు 200 టన్నులకు మించి ఇంధనము పట్టును. ఆ రాకెట్టు ద్రవ ఇంధనదశ మాత్రము తమిళనాడులోని మహేంద్రగిరినుండి రోడ్డున వచ్చును. అది ఖాళీగా వచ్చును గనుక బరువు తక్కువ. కాని వ్యాసము నాలుగు మీటర్లు. బరువు ఒక సమస్య, వెడల్పు మరొక సమస్య అని దీనివలన తెలియును.

ఇక కృష్ణపట్నము. కండలేరు సముద్రమున కలియుచోట వెనుకటినుండి చిన్న రేవుగా నుండిన ఈ స్థలమున లోతైన కొత్త రేవు 2008లో ప్రారంభమైనది. అంతవరకు ఈ ప్రాంతమునకు రావలసిన భారీ వస్తువులకు పెద్ద రేవు మద్రాసే. అచ్చట దిగినచో మహానగరపు వీధులు దాటి, జాతీయరహదారిన నూటయేబది కిలోమీటర్లకు పైగా రావలెను. కొత్త రేవుతో ఆ దూరము తగ్గినది. అంతకన్న ముఖ్యముగా, పనిచోటే రేవు ప్రక్కకు వచ్చినది. ముత్తుకూరు మండలమున నేలటూరు వద్ద దామోదరం సంజీవయ్య విద్యుత్కేంద్రములో 800 మెగావాట్ల యూనిట్లు మూడు లేచినవి. చుట్టుప్రక్కల మరికొన్ని ప్రైవేటు కేంద్రములు వెలసినవి. బొగ్గు ఓడలమీద వచ్చుట, యంత్రములను చల్లార్చుటకు సముద్రపు నీరు దొరకుట దీనికి ముఖ్యకారణములు. బరువైన భాగములను దూరము మోయు పని తప్పుట కూడ చిన్న లాభము కాదు.

విద్యుత్కేంద్రమునకు వచ్చు వస్తువులు రెండు విధములు. ఒకటి, అచ్చటనే నిలిచిపోవు యంత్రములు: టర్బైను, జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు. రెండవది, వానిని నిలబెట్టి వెళ్లిపోవు యంత్రములు: క్రేనులు, త్రవ్వుడు యంత్రములు, బుల్‌డోజరులు. రెండవవానిలో చాలవాటికి చక్రములకు మారు ఉక్కుపట్టాలుండును. ఆ పట్టా బరువును విశాలముగా పరచుటచేత యంత్రము మెత్తని నేలలో దిగబడదు. అదే పట్టా తారురోడ్డుమీద నడచిన రోడ్డు చీలికలగును. నడువగల యంత్రమును లారీమీద మోయవలసివచ్చుట ఇందువలననే. దానికొరకు నేలకు దగ్గరగా వంగిన ట్రెయిలరును వాడుదురు. యంత్రపు నెత్తి విద్యుత్తు తీగలకు తగులకుండ ఒక్కొక్క అంగుళమును మిగిల్చుకొనవలెను గదా. పెద్ద క్రేను ఒక్క ముక్కగా రాదు. తొండము, పట్టాలు, కాబిను, వెనుక కట్టు బరువుదిమ్మలు వేరువేరుగా, పదులకొలది లారీలమీద వచ్చును. ఆ ముక్కలను దింపి కూర్చుటకు ముందుగా మరియొక చిన్న క్రేను రావలెను.

విప్పుటకు వీలులేనివే అసలు గడ్డువస్తువులు. 500 మెగావాట్ల జనరేటరులో తిరుగని భాగమైన స్టేటరు ఒక్కటే సుమారు 250 టన్నులు తూగును. దానిని ముక్కలు చేయ వీలులేదు. మన మోటారు వాహన నియమముల ప్రకారము మామూలు లారీ వెడల్పు 2.6 మీటర్లు దాటరాదు. నాలుగు టైర్ల ఇరుసు ఒక్కటి మోయదగిన బరువు 2018 వరకు 10.2 టన్నులు, ఆపైన 11.5 టన్నులు. ఈ పరిమితి ఎందులకు? 1958-60లలో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున ప్రత్యేకముగా రోడ్లు వేసి, లారీలను లక్షలకొలది పర్యాయములు నడపి ఒక పరీక్ష చేసిరి. ఇరుసుమీది బరువు రెట్టింపైనచో రోడ్డుకు కలుగు నష్టము రెండింతలు గాక, దాదాపు పదునారింతలగునని అందు తేలినది. నష్టము బరువుయొక్క నాలుగవ ఘాతమును అనుసరించుననుట ఇదే.

కావున ఉపాయమంతయు ఇరుసులను పెంచుటలోనే కలదు. వరుసకు ఎనిమిది టైర్ల చొప్పున ఇరువది వరుసలు గల ట్రెయిలరును తీసికొందము. టైర్లు 160. స్టేటరు 250 టన్నులు, ట్రెయిలరు 80 టన్నులు అనుకొన్నచో మొత్తము 330. ఒక్కొక్క టైరు పాలికి వచ్చునది రెండు టన్నులకు కొంచెము పైన. మామూలు లారీ ఇరుసున 11.5 టన్నులను నాలుగు టైర్లు మోసినప్పుడు ఒక్కొక్కదానిపై దాదాపు 2.9 టన్నులు పడుచున్నవి. చూచుటకు కొండవలెనున్న ఆ బండి, ప్రక్కనుండి పోవు ఇటుకల లారీకన్న మెత్తగా రోడ్డును త్రొక్కుచున్నదన్నమాట! అయితే రోడ్డు గుంటలు పడినచోట కొన్ని చక్రములు గాలిలో తేలి, మిగిలినవానిపై భారము పెరుగవచ్చును. దీనిని తప్పించుటకు ఇరుసుల క్రింద నూనె నిండిన సిలిండరులుంచి, వానిని గొట్టములతో కలుపుదురు. పాస్కల్ సూత్రము ననుసరించి కలిసియున్న నూనెలో ఒత్తిడి అంతటను ఒక్కటే. గుంటలోని చక్రము దిగును, మిట్టమీది చక్రము లేచును, బరువు మాత్రము సమముగానే ఉండును. తరగతిలో పాఠముగా చదివిన సూత్రమును విద్యార్థులు ఈ బండి క్రింద వంగి చూడవచ్చును, అదియు ఆగియున్నప్పుడు మాత్రమే.

రోడ్డు తప్పించుకొన్నను వంతెన తప్పించుకొనలేదు. రోడ్డుకు ఒక్కొక్క ఇరుసు బరువు ముఖ్యము. వంతెనకు ఒక్కసారిగా తనపై నిలిచిన మొత్తము ముఖ్యము. మన దేశపు వంతెనల ప్రమాణములలో ఇటీవల 385 టన్నుల ప్రత్యేక వాహనమును గూడ చేర్చినారు. అట్టి బండి వంతెన దాటునప్పుడు మరియొక వాహనముండరాదు; వేగము గంటకు 5 కిలోమీటర్లు మించరాదు; నడిమిగీతనుండి 30 సెంటీమీటర్లకు మించి తొలగరాదు. ఒక ప్రక్కకు జరిగినచో ఆ ప్రక్క దూలము తన వంతుకు మించి మోయవలసివచ్చును. పాతవంతెనలపై ఈ ధీమా లేదు. అందుచే వాగులో నీరులేని కాలమున ఇసుకపై గొట్టములు పరచి, కంకర పోసి, వంతెన ప్రక్కనే తాత్కాలికముగా బాట వేయుదురు. అందువలననే ఇట్టి ప్రయాణములకు నెల్లూరు తీరమున అక్టోబరు మొదలు డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనపు వానలలో, ముహూర్తము పెట్టరు.

బండి కదలునాటికి నెలల పని జరిగి ఉండును. మార్గమంతయు నడచి, మలుపులను కొలిచి, తీగల ఎత్తు వ్రాసికొందురు. ముందు ఒక ఇంజను లాగుచుండ, ఎత్తుపల్లములలో వెనుక మరొకటి నెట్టును లేదా నిలుపును. వెదురుగడలతో కొందరు తీగలను లేపుచుండ, విద్యుత్‌శాఖవారు కరెంటు ఆపియుంచవలెను. ఆ గంటలలో గ్రామమున దీపముండదు, మోటారు తిరుగదు. పెద్ద దీపమును వెలిగించుటకు వచ్చిన యంత్రము చిన్న దీపములను ఆర్పుకొనుచు పోవును. రేవు చుట్టును విద్యుత్కేంద్రములను గుమిగూర్చుటలో కూడ ఇట్టి చిక్కే కలదు. రవాణా సులువైన మాట నిజము; ఆ సులువుకు మూల్యముగా బూడిదచెరువు, బొగ్గుధూళి, రాత్రింబవళ్లు సాగు లారీల రొద అన్నియు ఆ కొలది గ్రామములకే పంపకమైనవి. బరువును దూరము మోయకుండుటకు దాని తోడి బాధలను ఒకేచోట దింపుట సమంజసమా అను ప్రశ్నకు ఇంజనీరింగు గ్రంథములు సమాధానము చెప్పవు.

పని ముగిసిన పిదప జనరేటరు అచ్చటనే యుండును. క్రేనును మరల ముక్కలుగా విప్పుదురు. తొండము ఒక లారీమీద, పట్టాలు మరియొకదానిమీద, దిమ్మలు వేరుగా, వచ్చిన త్రోవనే మరియొక పనిచోటికి బయలుదేరును. వాగులో వేసిన కంకరబాట అప్పటికింకను మిగిలియున్నచో ఎడ్లబండ్లు, ట్రాక్టరులు దానిమీద తిరుగుచుండును, మొదటి వరద వచ్చువరకు.