వస్తువుల అంతర్జాలము: బంగారుపాళ్యపు వాణిజ్యమున దాని ప్రయోజనములు

యంత్రములును సరకులును తమ స్థితిగతులను తామే గ్రహించి, మనుష్యుడు చెప్పనక్కరలేకయే ఇంటర్నెట్ మూలమున ఎరుకపరచు ఏర్పాటునకు వస్తువుల అంతర్జాలమని పేరు. ‘ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్’ అను మాటను 1999లో కెవిన్ ఆష్టన్, ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థలో పనిచేయుచు, సరకులకు రేడియో చీటీలు తగిలించి నిల్వలు కనిపెట్టు యోచనను వివరించుచు ప్రయోగించెను.

ఆ చీటీయే నేడు ఫాస్టాగ్ రూపమున, బంగారుపాళ్యము మండలములోని మహాసముద్రము టోల్‌ప్లాజాను దాటు లారీల అద్దములపై కానవచ్చును. 2021 ఫిబ్రవరి నుండి నిర్బంధమైన ఈ చీటీలో బ్యాటరీ లేదు. గేటునందలి యంత్రము పంపు తరంగముల శక్తితోనే అది తన సంఖ్యను తెలుపును. సుంకము చెల్లుటయే గాక, బండి ఏ వేళకు గేటు దాటెనో యజమానికి తెలియును.

చిత్తూరు, పలమనేరుల నడుమనున్న బంగారుపాళ్యమునకు ప్రాణము మామిడి. అందును గుజ్జు కర్మాగారములకు పోవు తోతాపురి. కాయ సమముగా పండనిదే గుజ్జు రంగు తేలదు. కార్బైడ్ నిషిద్ధమగుటచే మాగబెట్టు గదులలో ఎథిలిన్ వాయువును వాడుదురు. పదిలక్షల భాగములలో నూరు భాగములు దానికి పరిమితి. కాయలు శ్వాసించుటచే గదిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి పక్వమును అడ్డగించును గనుక, దానిని, ఉష్ణమును, తేమను సెన్సర్లు అనుక్షణము కొలిచి, మితిమీరినంతనే ఫ్యానును నడిపింపవలెను. రాత్రివేళ కాపలావాని ముక్కు కనిపెట్టలేని దానిని ఇవి కనిపెట్టును. మామిడికే గాక, నాలుగు డిగ్రీలకు చల్లార్చిన పాల తొట్టికిని ఇట్టి కాపుదలయే అవసరము. తోటలలో మొబైల్ స్టార్టరు ఇప్పటికే రైతుకు చెలికాడైనది: అర్ధరాత్రి కరెంటు వచ్చినను అతడు ఇంటినుండియే మోటారు వేయగలడు, బోరులో నీరింకినచో మోటారు కాలకమునుపే దానిని ఆపు స్టార్టర్లును కలవు.

2025లో తోతాపురి ధర పడిపోగా, కిలోకు కర్మాగారములు 8 రూపాయలును, ప్రభుత్వము 4 రూపాయలును ఇచ్చునట్లు నిర్ణయమైనది. అయినను కర్మాగారముల వాకిట ట్రాక్టర్లు బారులు తీరినవి. ధరను సెన్సరు పెంచజాలదు. కాని కాటాలును గదులును పంపు అంకెలు కర్మాగారము వారికే గాక రైతు ఫోనునకును చేరవలెనని మా నిశ్చితాభిప్రాయము. ఎచట ఎన్ని టన్నులకు తావున్నదో తెలిసినచో, కాయను మరి రెండు దినములు చెట్టుననే నిలుపుటయో, కాయలు కొను వేరొక ర్యాంపునకు తోలుటయో అతడు కోతకు ముందే నిర్ణయించుకొనును. కోసిన పిమ్మట అతనికి ఆ వీలు లేదు.