అరిగిన కీలు, మూలకణాలు: ఒక ఆశ చరిత్ర

మోకాలిలో గుజ్జు అరిగిపోయిందని మీ ఇంట్లో పెద్దలెవరో అనగా మీరు వినే ఉంటారు. మనం గుజ్జు అంటున్నది ఎముకల కొసలను కప్పి ఉంచే నునుపైన మృదులాస్థిని. అది తిరిగి పెరుగుతుందా అన్న ప్రశ్న చాలా పాతది. లండన్‌లో పనిచేసిన స్కాట్లండ్ వైద్యుడు విలియం హంటర్ 1743లోనే, ఒకసారి నశించిన మృదులాస్థి మళ్లీ రాదని రాశాడు. దీనికి ముఖ్య కారణం, మృదులాస్థిలో రక్తనాళాలు లేకపోవడం. చర్మం తెగితే రక్తం గడ్డకట్టి, మరమ్మతు కణాలు అక్కడికి చేరతాయి. మృదులాస్థికి ఆ దారి లేదు.

దారి లేకపోతే వేద్దామనుకున్నారు శస్త్రవైద్యులు. 1950లలో ఇంగ్లండ్‌లో ప్రిడీ, 1980లలో అమెరికాలో స్టెడ్‌మన్, అరిగినచోట ఎముకకు రంధ్రాలు చేసి మజ్జ రక్తాన్ని పైకి రప్పించారు. కొత్త కణజాలం పెరిగింది గానీ, అది ఎక్కువగా మచ్చ వంటి పీచు కణజాలం. అసలు మృదులాస్థి అంత మన్నిక దానికి లేదు. ఈలోగా 1960లలో జాన్ చార్న్‌లీ తుంటి కీలునే మార్చివేసే పద్ధతిని స్థిరపరచాడు.

1994లో స్వీడన్ వైద్యులు ప్రచురించిన ఫలితాల దగ్గర కొంచెం ఆగండి. రోగి మృదులాస్థి నుంచే కణాలు తీసి, ప్రయోగశాలలో పెంచి, తిరిగి మోకాలిలో అమర్చారు. మొత్తం 23 మంది. తొడ ఎముక కొసన లోపం ఉన్న 16 మందిలో 14 మందికి, మోకాలి చిప్పలో లోపం ఉన్న ఏడుగురిలో ఇద్దరికే మంచి ఫలితం వచ్చింది. ఒకటి గమనించండి: ఇవి మూలకణాలు కావు, వీరి సమస్య వయసుతో వచ్చే అరుగుదలా కాదు. ఈ తేడాను మరిచిపోవడం వల్లే తర్వాతి గందరగోళం చాలావరకు వచ్చింది.

మూలకణాల కథ మాస్కోలో మొదలైంది. ఎముక మజ్జలో ఎముకను నిర్మించగల కణాలున్నాయని 1960, 70లలో ఫ్రీడెన్‌స్టీన్ బృందం చూపింది. 1991లో అమెరికా శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లాన్ వాటికి 'మీసెంకైమల్ మూలకణాలు' అని పేరు పెట్టాడు. ఆ పేరు ప్రయోగశాల దాటి ఆసుపత్రుల ప్రకటనల్లోకి పాకింది. మూలకణం అనగానే, సూదితో ఎక్కిస్తే కొత్త గుజ్జు మొలుస్తుందని రోగి నమ్మడం సహజమే కదా! కానీ ఎక్కించిన కణాలు చాలావరకు ఎక్కువ కాలం నిలవవు; అవి స్రవించే పదార్థాలు వాపును, నొప్పిని తగ్గించవచ్చు. అందుకే 2017లో కాప్లానే ఆ పేరు మార్చాలని రాశాడు. పేరు పెట్టినవాడే వద్దన్నా, వాడుక మాత్రం మారలేదు.

అదే ఏడాది మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు వచ్చాయి. రక్త సంబంధ వ్యాధుల వంటి వాటికి చేసే మార్పిడి తప్ప, మిగతా మూలకణ చికిత్సలను అనుమతి పొందిన ప్రయోగ పరీక్షల్లోనే చేయాలని అవి స్పష్టం చేశాయి. 2022లో బెంగళూరు సంస్థ ఒకటి దాతల మజ్జ కణాలతో తయారుచేసిన మందుకు మోకాలి అరుగుదల చికిత్సలో వాడేందుకు అనుమతి లభించింది. ఆ అనుమతి ఆ ఒక్క ఉత్పత్తికే. పొట్ట కొవ్వు నుంచి అక్కడికక్కడే కణాలు తీసి మోకాలికి ఎక్కించే పద్ధతులకు అది వర్తించదు.